వాసా ఓడ చూడబోయేవాళ్ళకు నీళ్ళ లెక్క

(కడపలో ఒక పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసిన పాఠం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండి, కుర్చీలున్నాయి. ఈ బల్ల మీద టిఫిన్ బాక్సు, ఇసుక, నీళ్ళ టబ్బు పెట్టుకున్నాను. భోజనం కాదు లెండి, వాటితో పనుంది.

కడపలో ఓడ గురించి ప్రసంగమేంది అని కొందరు అనుకునే ఉంటారు. నెల్లూరు దిక్కు పోతే తప్ప మనకు అల కనపడదు. కానీ మన ఇండ్లల్లో పిల్లలు స్వీడన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఎండాకాలం వస్తే అమ్మానాన్నలను మూడు నెలలు పిలిపించుకుంటారు. పిలిపించుకున్నాక ఒక ఆదివారం స్టాక్‌హోంలో వాసా మ్యూజియానికి తీసుకుపోతారు. అక్కడ 1628లో మునిగిపోయిన ఓడ ఒకటి నిలువునా నిలబెట్టి ఉంటుంది. మనవాళ్ళు చుట్టూ ఒకసారి తిరిగి, ఫోటో దిగి, ముప్పావు గంటలో బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటారు. అంత దూరం పోయి అట్లా వచ్చేయకూడదని ఈ మాటలు.

నేను చెప్పేది ఒకటే. అక్కడ ఓడకంటే ముందు నీళ్ళను చూడండి. ఓడ కింద నీళ్ళు ఎంత ఉన్నాయి, కిటికీలోంచి ఎప్పుడు లోపలికొచ్చాయి, చెక్క లోపల ఎన్నేళ్ళు నిలిచాయి, ఈరోజు ఆ హాలు గాలిలో ఎంత తేమ ఉంది, ఇదే మొత్తం కథ. నీళ్ళ లెక్క చూసుకోవడం మన సీమవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు కాబట్టి ఈ మ్యూజియం మనకే బాగా అర్థం కావాల.

ముందు మునగడం సంగతి. స్వీడన్ రాజు గుస్టావ్ అడాల్ఫ్ యుద్ధంలో ఉన్నాడు, పెద్ద ఓడ కావాలన్నాడు. 1626లో పని మొదలైంది. రెండు అంతస్తుల్లో ఫిరంగులు, మొత్తం 64. అందులో 48 పెద్దవి, ఒక్కో గుండు 24 పౌండ్ల బరువు. ఓడ కట్టే పెద్ద మేస్త్రీ హెన్రిక్ హిబెర్ట్‌సన్ పని మధ్యలోనే, 1627లో చనిపోయాడు. సహాయకుడు హైన్ యాకోబ్‌సన్ పూర్తిచేశాడు. ముందుకు పొడుచుకొచ్చిన కొయ్యతో కలిపి పొడవు 69 మీటర్లు, వెడల్పు 11.7 మీటర్లు, అడుగు నుంచి పెద్ద తెరచాప స్తంభం కొన దాకా 52 మీటర్లు. అంటే పదిహేడు అంతస్తుల మేడంత ఎత్తు. వెడల్పు మాత్రం మన ఊర్లో ఒక మోస్తరు ఇంటి ముందు భాగమంత.

ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే సగం అర్థమైపోయింది. వామికి గడ్డి తోలే బండిని చూసుంటారు. బండి చక్రాల మధ్య దూరం మారదు, గడ్డి మాత్రం పైకి పైకి వేస్తారు. తాడు బిగించి కట్టినా వంక దాటేటప్పుడు ఒక చక్రం దిగిందంటే బోల్తా. తుంగభద్రలో పుట్టి ఎక్కినవాళ్ళను అడగండి, పుట్టివాడు మొదట చెప్పే మాట "కూర్చో, నిలబడొద్దు" అనే. బరువు అదే మనిషిది. ఎత్తు మారింది, అంతే.

ఇప్పుడు ఈ టిఫిన్ బాక్సు. ఇది ప్లాస్టిక్‌ది, 15 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు. ఇసుక ఒక కవర్లో కట్టి అడుగున పరిచాను. బాక్సూ ఇసుకా కలిపి 450 గ్రాములు తూగేటట్టు చూసుకున్నాను. టబ్బులో వదిలితే సరిగ్గా 3 సెంటీమీటర్లు మునుగుతుంది, ఎందుకంటే 15 ఇంటూ 10 ఇంటూ 3 అంటే 450. వేలితో ఒక పక్కకు నొక్కి వదిలేస్తున్నా. చూడండి, ఊగింది, లేచి నిలబడింది. ఇప్పుడు అదే ఇసుక కవరు తీసి, అడుగున ఖాళీ అగ్గిపెట్టెలు నిలబెట్టి వాటి మీద పెడుతున్నా. ఇసుక గ్రాము కూడా పెంచలేదు. మళ్ళీ వేలు... పోయింది. (నవ్వులు)

లెక్క ఇట్లా ఉంటుంది. అడుగు చదునుగా ఉన్న పెట్టె తిరగబడకుండా ఉండాలంటే దాని బరువుకు మధ్యబిందువు ఒక హద్దు దాటకూడదు. ఆ హద్దు కనుక్కునేదానికి, మునిగిన లోతులో సగం తీసుకోండి, అంటే ఒకటిన్నర. దానికి వెడల్పును వెడల్పుతో గుణించి, మునిగిన లోతుకు పన్నెండు రెట్లతో భాగించి కలపండి. 100 ని 36 తో భాగిస్తే 2.8. రెండూ కలిపితే 4.3 సెంటీమీటర్లు. ఇసుక, బాక్సు రెండింటి సగటు ఎత్తు అంతకు లోపల ఉన్నంతసేపు నిలబడుతుంది, దాటితే పల్టీ. ఇక పెట్టె వెడల్పు 10 బదులు 12 అనుకోండి, బరువు అదే 450. ఇప్పుడు రెండున్నర సెంటీమీటర్లే మునుగుతుంది. హద్దు 6 దాకా పోతుంది. రెండు సెంటీమీటర్లు వెడల్పు పెంచితే ఒకటిముప్పావు సెంటీమీటరు ఎత్తు లాభం. వాసాకు కరువైంది సరిగ్గా ఈ వెడల్పే, అది కూడా నీళ్ళకు కింద ఉండే భాగంలో. పైన మాత్రం రెండు ఫిరంగి అంతస్తులకు మొద్దు దూలాలు, మందమైన చెక్కలు వేసుకుంటూ పోయారు. ఫిరంగులన్నీ కలిపి తూచినా ఓడ బరువులో అది చిన్న వంతే. వాటిని మోసేదానికని కట్టిన కట్టడమే అవసరాన్ని మించిపోయింది.

ఇంట్లో పిల్లలతో ఇది చేయించేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. బకెట్లో చేయొద్దు. బాక్సు అంచు బకెట్ గోడకు ఆనుకుని నిలబడుతుంది, పిల్లలు సరిగ్గా ఉందనుకుంటారు. వెడల్పాటి టబ్బు కావాల. ఇసుకను కవర్లో కట్టకుండా పోస్తే వంగినప్పుడు అదంతా ఒక పక్కకు జారిపోయి, బాక్సు ముందే పడిపోతుంది. అప్పుడు మీరు చూసేది ఎత్తు చేసిన తప్పు కాదు, జారుడు చేసిన తప్పు. ఓడ అడుగున వేసిన రాళ్ళను, ఫిరంగులను కట్టి కదలకుండా ఉంచేది అందుకే. ఓడ మునిగినాక విచారణలో మొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి అదే, ఫిరంగులు కట్టారా లేదా అని. కట్టామన్నారు.

వాసా అడుగున 120 టన్నుల రాళ్ళు పోశారు. ఇంకా పోసుంటే సరిపోయేది కదా అని అందరూ అడుగుతారు. పోస్తే ఓడ ఇంకా కిందికి దిగుతుంది. కింది అంతస్తు ఫిరంగి కిటికీలు నీళ్ళకు ఇంకా దగ్గరైపోతాయి. పైకి తూలకుండా చేసే మందే కింద నీళ్ళు తెచ్చిపెడుతుంది. ఈ బాక్సుకు పక్కన, నీళ్ళకు 2 సెంటీమీటర్ల పైన, ఒక రంధ్రం పెట్టి చూడండి. సుమారు 22 డిగ్రీలు వంగగానే నీళ్ళు లోపలికొస్తాయి. అదే రంధ్రం ఒక సెంటీమీటరు మీద ఉంటే 11 డిగ్రీలకే.

ఆ సంగతి వాళ్ళకు తెలియక కాదు. బయలుదేరే ముందు రేవులోనే ఓ ముప్పై మందిని ఓడ మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు పరుగెత్తించారు. మూడు పరుగులకే ఓడ ప్రమాదంగా ఊగింది. అడ్మిరల్ ఫ్లెమింగ్ ఆపేయమన్నాడు. ఆపింది పరీక్షను. ప్రయాణాన్ని కాదు. రాజు నుంచి తొందర పెట్టే ఉత్తరాలు వస్తున్నాయి. మన ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇది నేను విడమరిచి చెప్పాల్నా?

1628 ఆగస్టు 10. పది తెరచాపల్లో నాలుగే విప్పారు. గౌరవ వందనంగా ఫిరంగులు కాల్చేదానికి కిటికీలు తెరిచే ఉంచారు. కొండ చాటు దాటగానే ఒక గాలి వచ్చి వంచింది, లేచింది. రెండో గాలికి కింది కిటికీలు నీళ్ళను తాకాయి. ఒకసారి నీళ్ళు కింది అంతస్తు మీద పడితే అవి వంగిన పక్కకే పోతాయి, ఇంకా వంచుతాయి, ఇంకా నీళ్ళొస్తాయి. సుమారు 1300 మీటర్లు పోయి మునిగింది. మన కోటిరెడ్డి సర్కిల్ నుంచి రైల్వే స్టేషన్ దాకా నడిస్తే ఎంతవుతుందో, దాదాపు అంతే దూరంలో ఒక రాజ్యపు డబ్బంతా 32 మీటర్ల లోతుకు పోయింది. ఓడలో సుమారు నూటయాభై మంది. మొదటి కొంత దూరం కుటుంబాలను కూడా ఎక్కనిచ్చారు. ముప్పై మంది దాకా చనిపోయారు. సైనికులు ముందున్న రేవులో ఎక్కాల్సి ఉండింది, లేకుంటే వందలు పోయేవి. విచారణ జరిపారు, ఎవరికీ శిక్ష పడలేదు. తప్పెవరిది అంటే దేవుడికే ఎరుక అన్నారు.

సరే, ఇప్పుడు మ్యూజియం లోపలికి పోదాం.

యూర్గార్డెన్ అనే దీవి మీద ఉంటుంది. ఊరి మధ్య నుంచి ఏడో నంబరు ట్రామ్ పోతుంది, లేదా స్లుసెన్ దగ్గర ఫెర్రీ ఎక్కొచ్చు. ఫెర్రీనే ఎక్కండి, ఎందుకంటే ఓడ మునిగిన నీళ్ళు ఆ దగ్గర్లోవే. దిగినాక లోపలికి దూరేముందు తల పైకెత్తి మ్యూజియం కప్పు చూడండి. కప్పు మీద మూడు స్తంభాలు నిలబెట్టి ఉంటాయి. అవి అలంకారం కాదు. లోపలున్న ఓడకు పూర్తి స్తంభాలుంటే ఎంత ఎత్తుకు వచ్చేవో అవి చూపిస్తాయి. లోపల నిలబడితే ఆ ఎత్తు తెలియదు. ఈ ఒక్క పని చేయని వాళ్ళే ఎక్కువ.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు. పెద్దలు కార్డు ఉంచుకోండి, ఆ దేశంలో నోట్లతో పని తక్కువ. తెరిచే వేళలు ఎండాకాలం ఒకరకం, మిగతా కాలం ఒకరకం. పొద్దున్నే పోతే మేలు, మధ్యాహ్నానికి తిరునాళ్ళే. ఇంగ్లీషులో గైడు పర్యటనలు రోజూ ఉంటాయి, వేళలు లోపల రాసి పెడతారు. మూడు గంటలు చేతిలో పెట్టుకోండి. లిఫ్టులున్నాయి కాబట్టి మోకాళ్ళ నొప్పుల వాళ్ళు భయపడక్కర్లేదు.

స్వెట్టర్ తీసుకుపోండి. బయట జూలై ఎండ కాస్తున్నా లోపల 18 నుంచి 20 డిగ్రీలే. మనం ఇండ్లల్లో ఏసీని 24లో పెట్టుకుంటేనే దుప్పటి కప్పుకునే రకం. వెలుతురు కూడా చాలా తక్కువ. లోపలికి పోయి రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్ళు సర్దుకుంటాయి, అప్పుడు చీకట్లోంచి ఓడ బయటికొస్తుంది. చలి, చీకటి రెండూ మనుషుల కోసం పెట్టినవి కావు, చెక్క కోసం పెట్టినవి. దాని దగ్గరికి ఇప్పుడే వస్తా.

ప్రవేశం మధ్య అంతస్తులో. అందరూ అక్కడే ఓడ పక్కన ఆగిపోతారు. మీరు ముందు ఓడను ఎత్తిన సినిమా చూసి, నేరుగా అట్టడుగు అంతస్తుకు దిగండి. వెన్నుదూలం, అంటే ఓడ అడుగున వెన్నెముక లాగా పొడవునా ఉండే దూలం, దాని పక్కన నిలబడి పైకి చూస్తే, ఇందాకటి టిఫిన్ బాక్సు కళ్ళకు కడుతుంది. కింద ఎంత సన్నం, పైన ఎంత బరువు! తర్వాత పైకి ఎక్కుతూ పోయి, వెనక భాగంలో చెక్కిన సింహాలు, రాజులు, దేవతల బొమ్మలు చూడండి. ఇప్పుడు అన్నీ నల్లగా, కాఫీ రంగులో కనిపిస్తాయి. అప్పట్లో ఎర్రటి నేల మీద కళ్ళు జిగేల్మనే రంగులు. చెక్కలో మిగిలిన రంగు తునకలను పరీక్షించి అది తేల్చారు. పక్కనే పదో వంతు సైజు నమూనా ఆ రంగులతోనే ఉంటుంది. మన ఒంటిమిట్ట గాలిగోపురం రాతిరంగులో చూడ్డం అలవాటైనవాళ్ళకు రంగులేసిన గోపురం చూసినప్పుడు అయ్యే తికమకే అక్కడా అవుతుంది.

ఓడ లోపలికి ఎక్కనివ్వరు. విశాఖలో కుర్సురా జలాంతర్గామిలో అటు ఎక్కి ఇటు దిగినవాళ్ళకు ఇది కొంచెం నిరాశే. కానీ అది ఇనుము, ఇది మూడు వందల ఏళ్ళు నీళ్ళల్లో నానిన చెక్క. దాని బదులు ఫిరంగి అంతస్తులో కొంత భాగం అసలు సైజులో కట్టి పెట్టారు, అందులో నడవొచ్చు. మ్యూజియంలో చేత్తో తాకే వాటిలో, ఒంటితో అనుభవించే వాటిలో ఎక్కువ ఉపయోగం దీనిదే. రెండు ఫిరంగుల మధ్య సందులో నిలబడితే అక్కడ మనుషులు ఎట్ల పడుకున్నారో, ఎట్ల తిన్నారో బోర్డు చదవకుండానే తెలిసిపోతుంది. తెర మీద ఓడ నడిపే ఆటల దగ్గర పిల్లలు గంట కూర్చుంటారు, కూర్చోనివ్వండి. అయితే ఆటలో మునిగిందని తెలుస్తుంది గానీ ఎందుకు మునిగిందో తెలియదు. అందుకే ఇంట్లో టిఫిన్ బాక్సు పని ముందే చేయించి తీసుకుపోమంటున్నా.

అక్కడ ఈతగాడి గంట నమూనా ఉంటుంది. అంటే గుడిగంట ఆకారంలో ఉండి, మనిషిని నీళ్ళ అడుగుకు దించే సాధనం. దాని ముందు కాసేపు ఆగండి. ఓడ మునిగిన ముప్పై అయిదేళ్ళకు, 1660లలో, ఆ గంటలో దిగి యాభైకి పైగా ఫిరంగులను పైకి తీశారు. కరెంటు లేదు, పంపు లేదు, చుట్టూ చీకటి, మంచులాంటి నీళ్ళు. ఎట్ల సాధ్యమైంది? బోర్లించిన గ్లాసును బకెట్లో ముంచితే లోపల గాలి నిలుస్తుంది కదా, అంతే. కానీ లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఆ గాలిని నొక్కుతాయి. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం కలుస్తుంది. ముప్పై మీటర్ల దగ్గర పైన ఉన్న గాలితో కలిపి నాలుగు. అంటే గంటలోని గాలి నాలుగో వంతుకు కుంచించుకుపోతుంది. ఆ గంట ఎత్తు సుమారు నూటపాతిక సెంటీమీటర్లు. గంటకు చుట్టుకొలత అంతటా ఒకటే అనుకుంటే, ముప్పై సెంటీమీటర్లే గాలి మిగులుతుంది. తల పట్టేంత. మనిషి కింద వేలాడదీసిన పలక మీద నిలబడి, మెడ దాకా నీళ్ళల్లో, చేతిలో కొక్కెం కర్రతో తడుముకుంటూ పనిచేశాడు. పావుగంట పనిచేసి పైకొచ్చేవాడు. గంటను సీసంతో ఎందుకు చేశారంటే, లోపల గాలి ఉన్న గంట తేలుతుంది, దాన్ని ముంచేదానికే అంత బరువు కావాల.

1956లో ఆండర్స్ ఫ్రాన్‌జెన్ అనే ఆయన ఓడ ఉన్న చోటు మళ్ళీ పట్టుకున్నాడు. తాడుకు కట్టిన ఒక బరువైన పనిముట్టు, కొనలో బోలుగా ఉంటుంది. అడుగున పడ్డప్పుడు తగిలినదాన్ని ముక్క కోసుకొస్తుంది. అందులో నల్లబడిన ఓక్ చెక్క వచ్చింది. బోరు వేసేటప్పుడు పైకొచ్చే పొడి చూసి కింద ఏ రాయి తగిలిందో చెప్తారే, అదే పని. దిగి చూసిన ఈతగాళ్ళు ఓడ అడుగున ఆరు సొరంగాలు నీళ్ళ ధారతో తవ్వారు. చిమ్మచీకటి, తలమీద ఓడ బరువు. ఆ సొరంగాల్లోంచి ఉక్కు తాళ్ళు దూర్చి, పైన రెండు పెద్ద పాంటూన్లకు, అంటే నీళ్ళ మీద తేలే బోలు పెట్టెలకు కట్టి, 1959లో 18 సార్లు కొంచెం కొంచెంగా ఎత్తుతూ తక్కువ లోతుకు తెచ్చారు. పద్ధతి తెలిస్తే ఆశ్చర్యపోతారు. పాంటూన్లలోకి నీళ్ళు నింపి కిందికి దించుతారు, తాళ్ళు బిగిస్తారు, నీళ్ళు తోడేస్తారు. పాంటూన్లు లేస్తాయి, ఓడ లేస్తుంది. ముంచిన నీళ్ళే ఎత్తాయి. తర్వాత రెండేళ్ళు ఈతగాళ్ళు తుప్పుపట్టిపోయిన మేకుల రంధ్రాలన్నీ మూశారు. 1961 ఏప్రిల్ 24న బయటికొచ్చింది. మునిగిన 333 ఏళ్ళకు.

ఇంతకాలం చెక్క ఎట్ల నిలిచిందంటే, మామూలు సముద్రంలో ఓడపురుగు ఉంటుంది. మన దూలాలకు చెద ఎట్లనో, ఓడలకు అది అట్ల. కొన్నేళ్ళల్లో జల్లెడ చేసేస్తుంది. దానికి ఉప్పు కావాల. స్టాక్‌హోం దగ్గర బాల్టిక్ సముద్రం నీళ్ళల్లో ఉప్పు తక్కువ, అక్కడ అది బతకదు. దానికి తోడు ఊరి మురికి అంతా ఆ రేవులోకే, అడుగున ఆక్సిజన్ లేదు, చెక్కను తినే క్రిములూ తక్కువే. అందుకే ఈరోజు ఓడలో 98 శాతం అసలు చెక్కే. మురికినీళ్ళు చేసిన మేలు ఇది. చెడు ఏం చేశాయో తర్వాత చెప్తా.

బయటికి తీయగానే అసలు కష్టం మొదలైంది. ఇది మనవాళ్ళకు కొత్త కాదు. పల్లెల్లో తుమ్మ దూలం, వేప దూలం నెలల తరబడి కుంటలో నానేసేవాళ్ళు. తీసినాక ఎండలో వేస్తారా? వేయరు. చెట్టు నీడన, కింద రాళ్ళు పెట్టి, కొసలకు పేడ పూసి ఉంచుతారు. కొసల నుంచి తొందరగా ఆరితే దూలం బీటలిస్తుందని. అదే సూత్రం, ఇంకా ఘోరంగా. మూడు శతాబ్దాలు నీళ్ళల్లో ఉన్న చెక్క లోపల కణాల గోడలు పలచబడిపోయి, నీళ్ళే వాటిని నిలబెడుతుంటాయి. నీళ్ళు ఆవిరవుతూ పోయేటప్పుడు ఆ గోడలను లోపలికి లాగుతాయి. గోడలు కూలతాయి. చెక్క ముడుచుకుని, మెలి తిరిగి, పగులుతుంది.

కాబట్టి నీళ్ళు బయటికి పోయేలోపు వాటి చోట్లో ఇంకోటి నింపాల. వాళ్ళు వాడింది పాలిఇథిలీన్ గ్లైకాల్, పొట్టిగా పెగ్ అంటారు. మైనం లాంటిది, నీళ్ళల్లో కరుగుతుంది. మలబద్ధకానికి డాక్టరు రాసే పొడుల్లో, ముఖానికి పూసుకునే క్రీముల్లో ఉండేది అదే. (నవ్వులు) నవ్వొద్దు, అది ఒంటికి హాని చేయదు, చెక్కలోకి దూరుతుంది, ధర కూడా అందుబాటు. దాన్ని నీళ్ళల్లో కలిపి ఓడ మీద చల్లుతూనే ఉన్నారు. 1962 నుంచి 1979 దాకా, 17 ఏళ్ళు. బూజు పట్టకుండా అందులో బోరిక్ ఆమ్లం లాంటివి కలిపారు. చిన్న అణువుల పెగ్ కణాల గోడల్లోకి పోతుంది, పెద్ద అణువులది బోలు భాగంలో నిలుస్తుంది, అందుకే రకరకాలుగా వాడారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మెల్లగా ఆరబెట్టారు. 1990 జూన్‌లో ఇప్పటి మ్యూజియం తెరిచారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు. 2000 ఎండాకాలం అక్కడ వానలు ఎక్కువ. జనం తడిసిన కోట్లు, గొడుగులతో వేలమంది లోపలికొచ్చారు. గాలిలో తేమ పెరిగింది. చెక్క మీద తెల్లగా, పసుపుగా ఉప్పు పొక్కులు వచ్చాయి. నాలుకకు తగిలితే పులుపు అనుకోండి, గంధకామ్లం. ఎక్కడిది? ఇందాకటి మురికి చెప్పాను కదా. ఆక్సిజన్ లేని ఆ మురికినీళ్ళల్లో క్రిములు కుళ్ళిన గుడ్ల వాసన వచ్చే వాయువు తయారుచేశాయి. అందులోని గంధకం చెక్కలోకి ఇంకింది, రెండు టన్నులకు పైగా ఉందని లెక్కగట్టారు. మేకుల తుప్పు కూడా అక్కడే ఉంది. గాలి తగిలి, తేమ తగిలి అది ఆమ్లంగా మారడం మొదలైంది. చెక్కను క్రిముల నుంచి కాపాడిన ఆ నీళ్ళే లోపల మందుపాతర పెట్టిపోయాయి.

దాంతో 2004లో కొత్త గాలి యంత్రాలు పెట్టారు. తేమను 53 శాతం దగ్గర కదలకుండా ఉంచుతారు. హాలులో గోడలకు, నేలకు గాలి వచ్చే రంధ్రాలు, మూలల్లో తేమ కొలిచే చిన్న పెట్టెలు కనపడతాయి, ఫోటోలు తీసేవాళ్ళెవరూ వాటి వైపు చూడరు. మీరు చూడండి. తడి గొడుగు, తడి కోటు లోపలికి తేవద్దని చెప్పేది మర్యాద కోసం కాదు. కడపలో మే నెల గాలి అయితే చెక్కను పేలాల్లా పేల్చేస్తుంది, మచిలీపట్నం గాలి అయితే పెగ్ నీళ్ళను పీల్చి జిగటగా కారుతుంది. రెండింటికీ నడుమ ఒక గీత మీద ఓడ నిలబడి ఉంది.

ఇంకో ముచ్చట. 1960లలో ఓడను బిగించేదానికి ఐదు వేలకు పైగా ఉక్కు బోల్టులు వేశారు. పెగ్, ఆమ్లం కలిసి వాటినీ తుప్పు పట్టించాయి. 2011 నుంచి 2018 దాకా ఒక్కొక్కటి పీకి, తుప్పు పట్టని ఉక్కువి వేశారు. పాత బోల్టు పీకేటప్పుడు చెక్క చిరిగితే మళ్ళీ అతికేది లేదు, అందుకే అంత కాలం పట్టింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలడగండి.

"సార్, కొలతల్లో కూడా తప్పులున్నాయని విన్నాం. నిజమేనా?"

నిజమే, మంచి ప్రశ్న. ఓడలో పనివాళ్ళ కొలబద్దలు నాలుగు దొరికాయి. రెండు స్వీడన్ అడుగు ప్రకారం, అంటే పన్నెండు అంగుళాలవి. రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగు, పదకొండు అంగుళాలవి. ఒక పక్క పనిచేసిన గుంపు ఒక బద్దతో, ఇంకో పక్క వాళ్ళు ఇంకో బద్దతో కొలిచి ఉండొచ్చు. ఓడ ఎడమ పక్క కుడి పక్క సమానంగా లేదని కొలిచినవాళ్ళు చెప్తారు. కానీ మునగడానికి అదొక్కటే కారణం అని మాత్రం అనొద్దు. ఇల్లు కట్టేటప్పుడు ఇద్దరు మేస్త్రీలు రెండు టేపులు వాడితే గోడ వంకర పోతుంది, ఇల్లు కూలదు. కూలాలంటే పునాది ఇరుకు కావాల.

"చనిపోయినవాళ్ళ ఎముకలు అక్కడ పెట్టారంటారు. పిల్లలు భయపడతారా అన్నా?"

పెట్టారమ్మా, గౌరవంగానే పెట్టారు. ఎముకల నుంచి ముఖాలు కూడా తయారుచేసి చూపించారు. అందులో ఒకరిని చాలాకాలం మగమనిషి అనుకుని గుస్టావ్ అని పిలిచేవాళ్ళు. 2023లో డీఎన్ఏ పరీక్షలో ఆడమనిషని తేలింది. పదేళ్ళు దాటిన పిల్లలు భయపడరు. చిన్నవాళ్ళయితే ముందు మీరు పోయి చూసొచ్చి, తర్వాత తీసుకుపోండి.

"మునిగినప్పుడు విప్పని తెరచాపలు ఏమయ్యాయి?"

పదిలో నాలుగు విప్పి ఉన్నాయి, అవి పోయాయి. మిగిలిన ఆరు మడతపెట్టి గదిలో ఉన్నాయి, దొరికాయి. గుడ్డ నీళ్ళల్లో ఉన్నంతసేపే గుడ్డ. గాలికి ఆరనిస్తే పొడి అయిపోతుంది. అందుకే నీళ్ళల్లోనే విప్పి, తర్వాత కనపడని గుడ్డ మీద అతికి నిలబెట్టారు.

"మేము వచ్చే ఏడు పోతున్నాం సార్. ఓడ అట్లనే ఉంటుందా, మరమ్మత్తులని మూసేస్తారా?"

మూయరు. కానీ ఓడ చుట్టూ పని జరుగుతుంటుంది, అది మీ అదృష్టం. అది నీళ్ళల్లో నాలుగు పక్కలా ఆనుకుని తేలేదానికి కట్టిన ఓడ, ఇప్పుడు గాలిలో కొన్ని ఊతకట్టెల మీద నిలబడి ఉంది. చెక్క మెత్తబడింది, లోపల పెగ్ బరువు చేరింది. ఏడాదికి ఒక మిల్లీమీటరు లెక్కన కదులుతూ, కుంగుతూ ఉంది. ఓడ మీద చిన్న చిన్న గురుతులు అతికించి ఉంటాయి, వాటిని బట్టి ఆ కదలిక కొలుస్తారు. కొత్త ఉక్కు ఆధారాలు కట్టే పని 2024లో మొదలైంది, కొన్నేళ్ళు నడుస్తుంది. పాత ఊతలు ఓడ పొట్టను బయటి నుంచే మోస్తాయి, దాంతో ఆనిన చోటల్లా చెక్క నలిగింది. కొత్తవి లోపల కూడా ఒక ఉక్కు అస్థిపంజరం పెట్టి, పై అంతస్తుల బరువును నేరుగా కిందికి దింపేటట్టు చేస్తారు. అట్టడుగు అంతస్తుకు దిగినప్పుడు పాత ఊతా కొత్త ఊతా పక్కపక్కన కనపడితే, చెక్కకు ఆనిన చోటు ఎంత వెడల్పు ఉందో రెండింటిదీ పోల్చి చూడండి.